లియోటా పడిన ఇరవై రెండు సెకన్లు

పొద్దున్నే పేపరు చదవడం లియోటా బ్రాంట్‌కు పెళ్లయ్యాక వచ్చిన అలవాటు. పేపరు తెచ్చి, సగం తను ఉంచుకుని సగం ఆమె పళ్లెం పక్కన పెట్టే మనిషి అంతకుముందు ఇంట్లో లేడు. పెళ్లయి ఇంకా ఐదు వారాలే. గుడ్లు వేయించడం భర్త ఆన్సెల్ పని, కాఫీ కాచడం ఆమె పని. వంటింటి కిటికీలోంచి ఈడెన్‌డేల్ కొండ దిగుతున్న ట్రామ్ కనిపిస్తుంది. ఆమె కుడి మణికట్టుకు కట్టు ఉండడంతో రొట్టెకు వెన్న కూడా ఆన్సెలే రాసిపెడుతున్నాడు. అంచుల దాకా, ఎక్కడా ఖాళీ లేకుండా, గోడకు సున్నం వేసినంత శ్రద్ధగా రాస్తాడు. అతను అలా రాస్తుంటే చూడడం ఆమెకు రోజూ ఒక చిన్న పండగ.

ఆ రోజు మాత్రం వెన్న రాసిన రొట్టె పళ్లెంలోనే చల్లారిపోయింది.

సినిమా కబుర్ల పేజీలో, కింది మూల, ఒక చిన్న వార్త. గ్రాబ్నర్ కామెడీస్ వారి కొత్త చిత్రంలో, మూడంతస్తుల ఎత్తున్న నిచ్చెన మీంచి చాకిరేవు పిల్ల పడిపోయే దృశ్యం గురించి ఊరంతా మాట్లాడుకుంటున్నదట. ఆ పడేది మిస్ బ్రాంట్ కాదట. గౌను తొడుక్కుని, విగ్గు పెట్టుకున్న నెడ్ ప్రూయిట్ అనే సర్కస్ కళాకారుడట. సుకుమారి అయిన మిస్ బ్రాంట్ ఆ సమయంలో గొడుగు నీడన కూర్చుని నిమ్మరసం తాగుతున్నారట. ఇక ఆమె చేతికట్టు చూసి కంగారు పడుతున్న అభిమానులకు ఒక మాట: కొత్త పెళ్లికూతురు ఇంట్లో స్నానాల తొట్టిలో కాలు జారారు, అంతకు మించి ఏమీ లేదు.

లియోటా రెండుసార్లు చదివింది. మూడోసారి పైకి చదివింది.

"నిమ్మరసం," అంది చివరికి.

ఆన్సెల్ లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చదివాడు. అతను ఆ స్టూడియోలోనే రెండో కెమెరామన్. ఆ రోజు ఆమె నిచ్చెన మీంచి పడినప్పుడు కెమెరా పిడి తిప్పుతూ అక్కడే ఉన్నాడు. పిడి ఒకే వేగంతో తిప్పడానికి అందరూ లోపల ఏదో ఒక పాట పాడుకుంటారు. ఆ రోజు అతను పాట మర్చిపోయి అంకెలు లెక్కపెట్టుకున్నాడు. ఇరవై రెండు సెకన్లు. పెళ్లి చేసుకుంటావా అని ఆమెను అడగడానికి అతనికి ఆ సాయంత్రందాకా పట్టింది.

మూడోసారి తీసినప్పుడు అది సరిగ్గా వచ్చింది. సందు మధ్యలో నిటారుగా నిలబెట్టిన నిచ్చెన. దాని చివరన బట్టల బుట్టతో లియోటా. నిచ్చెన మెల్లగా వెనక్కి ఒరుగుతుంది. ఆమె వీపు నేలవైపు, ముఖం ఆకాశం వైపు. దారిలో మూడు దండేలు. మొదటి దండెం మీంచి ఒక పెద్దమనిషి చొక్కా, రెండో దాన్నుంచి కోటు, మూడో దాన్నుంచి తెల్లటి రాత్రి అంగరఖా ఆమెను చుట్టుకుంటాయి. కింద గుర్రబ్బండిలో మాసిన బట్టల కుప్ప మీద కూర్చున్నట్టు పడుతుంది. ఒక్క క్షణం అక్కడ ఉన్నదంతా గుడ్డల మూటే. తర్వాత మెడపట్టీలోంచి ఆమె తల బయటికొస్తుంది, గుర్రం కదులుతుంది, ఒక పెద్దమనిషి షికారుకు బయలుదేరతాడు. అంతా ఒకే షాటు. మధ్యలో కత్తిరింపు లేదు. అలాగే తియ్యాలని పట్టుపట్టింది లియోటాయే. కత్తిరిస్తే ఏదో మాయ చేశారనుకుంటారని ఆమె భయం. మణికట్టు విరిగింది రెండోసారి పడినప్పుడు. ఆ సంగతి మూడోసారి అయ్యాకగానీ ఎవరికీ చెప్పలేదు.

పడడం ఆమెకు తల్లిపాలతో పాటు వచ్చిన విద్య. తల్లి, ఇద్దరు పిన్నులు ఒహాయో నుంచి ఒరెగన్ దాకా ఊరూరా తిరిగి నాటకశాలల్లో దొమ్మరి విన్యాసాలు చేసేవాళ్లు. హుల్డా పిన్ని ఆమెకు ఆరేళ్లప్పుడే నేర్పింది: ఊపిరి బిగబట్టి పడితే ఎముక విరుగుతుంది, ఊపిరి వదిలేసి పడితే జనం నవ్వుతారు. పంతొమ్మిదో ఏట ఈ ఊరొచ్చి గ్రాబ్నర్ గేటు ముందు నిలబడింది. ఆ రోజు చెరువులో పడవలసిన హాస్యనటుడికి జలుబు చేసింది. చెయ్యడానికి ఎవరూ లేక ఈమెకు అతని కోటు తొడిగి, మీసం అంటించి తోసేశారు. అతని బదులు ఎనిమిది చిత్రాల్లో పడింది. అతను ఎంత బాగా పడతాడో పత్రికలు రాశాయి. ఆ మీసం కింద ఉన్నది ఆడపిల్ల అని అప్పుడెవరూ ఏ పేపరుకూ చెప్పలేదు. తర్వాత సొంత పేరుతో ఆరేళ్లు, అరవై పైచిలుకు చిన్న మూకీ చిత్రాలు. ఇప్పుడు తన మొదటి పెద్ద చిత్రం, ఐదు రీళ్లది. అందులో ఆమె చేసిన అన్నిటికంటే మంచి పని, మీసం అక్కర్లేని ఒక మగాడి ఖాతాలో పడింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. టోపీ పెట్టుకుని స్టూడియోకు బయలుదేరింది. టోపీ వంకరగా ఉందని ఆన్సెల్ గుమ్మందాకా వచ్చి సరిచేశాడు. జాగ్రత్త అన్నాడు. తమ ఇద్దరి జీతం ఆ ఒక్క గేటు లోపలే ఉందని కూడా అన్నాడు. ఆమె విననట్టు మెట్లు దిగింది.

గ్రాబ్నర్ లావుపాటి మనిషి, చెడ్డవాడేం కాదు. ఒకప్పుడు సాసేజీలు అమ్మేవాడు. ఆమెను చూడగానే కుర్చీ జరిపాడు.

"కూర్చో అమ్మాయ్. పెళ్లికళ ఇంకా వదల్లేదే."

"నేను నిమ్మరసం తాగుతూ కూర్చున్నానా?"

"అదా. మా ప్రచారం కుర్రాడు కాస్త రంగు పూశాడులే."

"నేను పడ్డప్పుడు మీరు అక్కడున్నారా లేదా? అది చెప్పండి."

"ఉన్నా. కళ్లు మూసుకున్నా," అన్నాడు గ్రాబ్నర్. "అదే నీకు చెప్దామనుకుంటున్నా. ఇరవయ్యేళ్లుగా జనాన్ని పడదోసి బతుకుతున్నవాణ్ని, నేనే చూళ్లేకపోయా. టికెట్టు కొనుక్కుని వచ్చిన ఆడవాళ్లు ఎలా నవ్వుతారే?"

సొరుగులోంచి పాసడీనా చీట్లు తీశాడు. కొత్త చిత్రాన్ని విడుదలకు ముందు ఎక్కడో ఒక చిన్న ఊళ్లో, చెప్పాపెట్టకుండా ఆడించి, బయటికొచ్చే జనానికి తలో చీటీ ఇచ్చి అభిప్రాయం రాయించుకోవడం అక్కడి ఆనవాయితీ. పాసడీనాలో రెండువందల మంది దాకా రాశారు. వాటిలో మూడు చీట్లు వేరుగా పక్కన పెట్టి ఉన్నాయి. మూడూ ఆడవాళ్లు రాసినవే. ఆ పిల్లకు దెబ్బ తగిలి ఉంటుంది పాపం, నవ్వలేకపోయాను అని ఒకామె. నాకూ ఆ వయసు కూతురుంది అని ఒకామె. మూడో ఆమె ఉత్త ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంది.

మిగతావాళ్లంతా నవ్వారు కదా అంది లియోటా. నవ్వినవాళ్లు ఇంటికెళ్లి నిద్రపోతారు, నవ్వనివాళ్లు ఇరుగుపొరుగును పోగేస్తారు అన్నాడు గ్రాబ్నర్. పడింది మగాడని చెబితే అందరికీ ప్రాణం కుదుటపడుతుంది. మగాడు పడితే ఎవరికీ జాలి వెయ్యదు. ఇందులో నీకు పోయిందేముంది, పోస్టరు మీద నీ పేరే ఉందిగా అన్నాడు. అందుకోసమే షాటును కూడా కొంచెం సర్దామని, ఆమె బండిలో పడగానే, తల బయటికి రాకముందే, ఎదురింటి ఆవిడ నోరు తెరుచుకుని చూస్తున్న ముఖం అతికించామని చెప్పాడు. అంటే పడినవాడు వేరు, తల బయట పెట్టింది వేరు అని ఎవరైనా నమ్మడానికి వీలుగా.

ఒకే షాటు కోసం లియోటా మూడుసార్లు పడింది.

గ్రాబ్నర్ ఆమె మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. కొత్త ఒప్పందం కాగితం ముందుకు తోశాడు. మూడేళ్లకు. నాలుగో షరతు దగ్గర వేలు పెట్టి చూపించాడు. ప్రమాదమున్న ప్రతి దృశ్యంలోనూ మిస్ బ్రాంట్ బదులు ప్రూయిట్ చేస్తాడు.

"మరి నేనేం చెయ్యాలి?"

"నవ్వాలి. నీ బుగ్గన సొట్ట పడుతుందిగా, అది చూపించు. శుక్రవారం మన సినిమా మొదటి ఆట. శనివారం సంతకం పెట్టేసెయ్."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తలుపు దగ్గర ఆగి, తన బుగ్గన సొట్ట పడదనీ, అది ఆరో చిత్రంలో బకెట్టు తగిలిన మచ్చ అనీ చెప్పి బయటికొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ ప్రూయిట్ వచ్చాడు. చేతిలో, మొక్కజొన్న పొట్టులో చుట్టి ఉడికించిన తమాలేల వేడివేడి పొట్లం. చెవులు ఎర్రబడి ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. పొట్టి మనిషి, మెడ మాత్రం ఎద్దు మెడ.

లియోటా అతన్ని ఒక చుట్టు చుట్టి చూసింది. "ఆన్సెల్, ఈ మెడ చూడు. నా మెడ ఇలా ఉంటుందా?"

ఆన్సెల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "వెనకనుంచి కూడా ఉండదు," అన్నాడు.

ప్రూయిట్ ఇంకా ఎర్రబడ్డాడు. ఆ దృశ్యం తీసిన రోజు తను ఈ ఊళ్లోనే లేడనీ, ఫ్రెస్నోలో మామగారి ద్రాక్షతోటలో ఉన్నాననీ చెప్పుకొచ్చాడు. స్టూడియోవాళ్లు పిలిచి ఏడాది పని ఇస్తామన్నారు. నోరు మూసుకుని ఉంటే చాలన్నారు. ఇంట్లో కవల పిల్లలు. కాదనలేకపోయాడు.

"మూసుకోవడం వరకూ బాగానే ఉందండీ. ఎవరూ మూసుకోనివ్వట్లేదు," అన్నాడు. "మంగలి షాపులో కూర్చుంటే చాలు, ఎలా పడ్డావో చెప్పు అంటారు. ఏదోటి కల్పించి చెప్పాలి కదా. నాలుగోసారి చెప్పేసరికి నిజంగా పడ్డాననే అనిపించిందండీ. మోకాలు కూడా నొప్పెట్టింది."

లియోటాకు నవ్వు రాబోయింది. వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. నవ్వించలేని మనిషైతే కోపం నిలుపుకోవడం ఎంత సులువుగా ఉండేదో.

"ఇంకోటి చెప్పాలండీ," అన్నాడు ప్రూయిట్, పొట్లం బల్ల మీద పెట్టి. "నిన్న ఆ నిచ్చెన ఎక్కి చూశాను. తర్వాత దిగిపోయాను. వెనక్కి, కింద ఏముందో కనబడకుండా, మూడు తాళ్ల మధ్యనించి... నావల్ల కాదు. ట్రపీజు మీద పదేళ్లు ఊగాను, కానీ అక్కడ కింద వల ఉంటుంది. మీ తర్వాతి సినిమాలో నన్ను పడమంటారు. నేను కాదనలేను. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు."

అతను వెళ్లాక లియోటా చాలాసేపు గదిలో ఇటూ అటూ తిరిగింది. నిన్నటిదాకా తన కోసమే కోపం. ఇప్పుడు ఆ ఎద్దు మెడ కోసం కూడా కోపం. ఆడది నిజంగా పడితే జాలి కాబట్టి పడలేదని అబద్ధం చెప్పారు. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి పడడం చాతకాని మగాణ్ని నిచ్చెన ఎక్కిస్తున్నారు. వాడి మీద మాత్రం ఎవరికీ జాలి లేదు. పేపరు వాళ్లకు ఉత్తరం రాస్తానంది. స్టూడియో ఇచ్చే ప్రకటనల మీద బతికే పేపరు అది, అచ్చు వెయ్యదు అన్నాడు ఆన్సెల్. అయితే మొదటి ఆట రోజు థియేటర్లో లేచి నిలబడి అరుస్తానంది. అరిస్తే పెళ్లికూతురికి స్నానాల తొట్టిలో తలకు కూడా దెబ్బ తగిలిందని రాస్తారు అన్నాడు.

"తెర మీద నాకు నోరు లేదు, తెర కింద కూడా లేదు. అంతేనా?"

ఆన్సెల్ తమాలే మీది మొక్కజొన్న పొట్టు విప్పి, ముక్కలు చేసి ఆమె పళ్లెంలో పెట్టాడు.

"తెర మీద టైటిల్ కార్డుకి నోరుంది," అన్నాడు చివరికి. కాసేపాగి, "ఇంకొకటి. వాళ్లు కత్తిరించింది మొదటి నెగెటివ్ ఒక్కదాన్నే," అన్నాడు.

లియోటా తింటున్నది ఆపింది.

ప్రతి దృశ్యాన్నీ రెండు కెమెరాలతో పక్కపక్కన పెట్టి తీస్తారు. పెద్ద కెమెరామన్ తీసింది దేశంలో ఆడుతుంది. అతనికి ఎడమవైపు రెండడుగుల దూరంలో నిలబడి ఆన్సెల్ తీసింది ఓడెక్కి యూరప్ వెళుతుంది. ఆ రెండో నెగెటివ్‌ను స్టూడియోలో ఎవరూ పట్టించుకోరు. సముద్రం అవతలివాళ్లకు ఏది పంపినా చాలనుకుంటారు. కత్తిరించమని గ్రాబ్నర్ చెప్పినప్పుడు ఆ డబ్బా సంగతి అతనికి గుర్తే లేదు. ఎవరూ గుర్తు చెయ్యలేదు. నిచ్చెన చివరన ఆమె ముఖం దగ్గర మొదలై మెడపట్టీలోంచి వచ్చిన ఆమె ముఖం దగ్గర ముగిసే ఇరవై రెండు సెకన్లూ, ఎక్కడా తెగకుండా, స్టూడియో కింది గదిలో ఒక తగరపు డబ్బాలో ఉన్నాయి.

దీనివల్ల నీ ఉద్యోగం పోతుందేమో అంది లియోటా. పోవచ్చు అన్నాడు ఆన్సెల్. పెళ్లిళ్ల ఫొటోలు తీసుకుని బతకొచ్చన్నాడు. కొత్త పెళ్లికూతుళ్లను నవ్వించడం తనకు తెలుసన్నాడు. ఆమె లేచి వెళ్లి అతని నెత్తి మీద ముద్దు పెట్టింది. ఆ ముద్దులో కూడా సగం కోపమే.

మూకీ బొమ్మల మధ్య మాటలు చూపించే ఆ కార్డుల మీద అక్షరాలు రాసే ముసలాయన, ఏం రాయమంటే అది రాసి ఎందుకని అడగని మనిషి. నల్ల అట్ట మీద తెల్ల రంగుతో, మధ్యాహ్నం భోజనాల వేళ రాసిచ్చాడు. ఆన్సెల్ దాన్ని తన కెమెరాతో తీశాడు. కార్డును, రెండో నెగెటివ్‌లోని షాటును కలిపి ఒక ప్రింటు వేయించాడు. ఆ ఫిల్ము చుట్టను తీసుకుని గురువారం పొద్దున లియోటా ఫిల్ము అతికే గదికి వెళ్లింది.

ఆ గదిలో పద్నాలుగు మంది ఆడవాళ్లు తెల్ల చేతి తొడుగులు వేసుకుని, దీపం పెట్టిన గాజు బల్లల ముందు కూర్చుని, థియేటర్లకు వెళ్లే ప్రతి ప్రింటునూ ముక్కముక్కగా జిగురుతో అతుకుతారు. వాళ్ల మీద పెద్ద మిసెస్ టాలివర్. ఎండిపోయిన మనిషి. నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆవిడ ఫిల్ము ముక్కను దీపానికి అడ్డంపెట్టి కార్డు మీది అక్షరాలు చదివింది.

"దీన్ని కలపమని ఎవరు చెప్పారు?"

"నేనే."

"గ్రాబ్నర్ సంతకం ఉందా?"

"లేదు."

మిసెస్ టాలివర్ షాటును కూడా దీపం ముందు మెల్లగా జరిపింది. నిచ్చెన, దండెం, దండెం, దండెం, మూట, తల. గదిలో మిగతావాళ్లు చేతులాపి చూస్తున్నారు.

"ఆరేళ్లుగా నీ సినిమాలు అతుకుతున్నానే పిల్లా," అంది ఆవిడ. "ఏ ముక్కలో నువ్వున్నావో, దేన్లో లేవో నా వేళ్లకి తెలుసు. నిమ్మరసం అని రాసిన ఆ గాడిద ఒక్కసారి ఈ గదిలోకొచ్చి అడిగితే సరిపోయేది. ఇక్కడో గది ఉందని ఎవడికి గుర్తు."

కుర్చీ లాక్కుంది. ఒక్క ప్రింటులోనే కలుపుతానంది, రేపు మొదటి ఆటకు వెళ్లేదాంట్లో. పాత ముక్కను జాగ్రత్తగా కత్తిరించి, కొత్తదాన్ని పెట్టి, జిగురు రాసి, బొటనవేలితో అదిమింది. ఆ బొటనవేలు అదిమిన తీరు చూసి లియోటాకు ఎందుకో కళ్లు చెమ్మగిల్లాయి. కట్టుతో తుడుచుకుంది.

శుక్రవారం సాయంత్రం థియేటరు నిండిపోయింది. గ్రాబ్నర్ ముందు వరసలో, లియోటా, ఆన్సెల్ అతని వెనక. మొదటి మూడు రీళ్లూ జనం బాగానే నవ్వారు. నాలుగో రీలులో చాకిరేవు పిల్ల బుట్ట ఎత్తుకుని నిచ్చెన మీద కాలు పెట్టింది. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు వచ్చాయి.

*ఇప్పుడు పడబోయేది నేనే. నా బదులు ఎవరూ లేరు. మీరు నవ్వితే నాకు బాగుంటుంది. లియోటా బ్రాంట్.*

ఆర్గన్ వాయించేవాడి కాగితంలో ఈ కార్డు లేదు. అతను తడబడి వాయించడం ఆపేశాడు. హాలు నిశ్శబ్దమైపోయింది. గ్రాబ్నర్ వీపు బిగుసుకోవడం లియోటాకు కనిపించింది.

నిచ్చెన ఒరిగింది. మొదటి దండెం. ఎవరూ నవ్వలేదు. రెండోది. బాల్కనీలో ఎవరో ఆడమనిషి గట్టిగా ఊపిరి లాగింది. మూడోది. బండిలో మూట పడింది. పన్నెండు వందల మంది కూర్చున్న హాల్లో ఒక్క నవ్వు లేదు. పాసడీనాలో ఇక్కడికి వచ్చేసరికి కుర్చీలు ఊగాయి.

గ్రాబ్నర్ మెడ తిప్పి ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చెప్పానా లేదా అనే జాలి ఉంది. తన గొయ్యి తానే తవ్వుకున్నాననుకుంది లియోటా. మూడు చీట్లు రాసిన ఆడవాళ్లు గుర్తొచ్చారు.

తెర మీద మూట కదిలింది. మెడపట్టీలోంచి తల బయటికొచ్చింది. ఆమె తలే. అది అటూ ఇటూ చూసింది, కోటు చేతులు సవరించుకుంది, రోడ్డు మీది జనానికి పెద్దమనిషిలా తల పంకించింది. గుర్రం కదిలింది.

బాల్కనీలో ఊపిరి లాగిన ఆడమనిషే మొదట నవ్వింది, ఎక్కిళ్లు వచ్చినట్టు. తర్వాత ఆమె పక్కవాళ్లు. తర్వాత మొత్తం హాలు ఒక్కసారి విరగబడింది. అది పాసడీనా నవ్వు కాదు. ఎవరో ఇంటికి క్షేమంగా చేరినప్పుడు నవ్వే నవ్వు. చప్పట్లు కూడా కొట్టారు. ఆర్గన్ మళ్లీ మొదలైన సంగతి ఎవరికీ వినిపించలేదు. ఆ చీట్లు రాసిన ముగ్గురూ తప్పేమీ రాయలేదని అప్పుడు అర్థమైంది లియోటాకు. ఆ పిల్ల క్షేమమా అని అడిగారు, అంతే. దానికి గ్రాబ్నర్ చెప్పిన జవాబు, అసలు పిల్లే లేదని.

ఆట అయ్యాక బయటి హాల్లో పత్రికలవాళ్లు మూగారు. జనం తోపులాటలో లియోటా, ఆన్సెల్ కాస్త వెనకబడ్డారు. దగ్గరికొస్తుంటే గ్రాబ్నర్ గొంతు వినబడింది. ప్రూయిట్ సంగతి ప్రచారం కుర్రాడి పొరపాటట. ఆ కార్డు ఆలోచన తనదేనట. ప్రేక్షకుడితో నేరుగా మాట్లాడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాడట. నోటు పుస్తకాల్లో పెన్సిళ్లు గబగబా కదులుతున్నాయి.

లియోటా నిలబడిపోయింది. నిమ్మరసానికి కూడా ఇంత మండలేదు. నవ్వు పోగొట్టుకుంటానన్న భయం ఇప్పుడే దిగింది, ఒళ్లంతా ఇంకా తేలిగ్గా ఉంది. ఆ తేలికదనాన్ని కూడా లాక్కుపోతున్నాడీయన. ఊరుకుందాంలే అనుకోవడానికి కూడా ఒక క్షణం ప్రయత్నించింది. సంతోషంగా ఉన్న రోజున ఎవరితో గొడవ పడాలనిపిస్తుంది? పక్కనున్న ఆన్సెల్ వైపు చూసింది. ఇన్ని రోజులుగా జాగ్రత్త, జాగ్రత్త అంటున్న మనిషి చెయ్యి చాచాడు.

"నీ కోటు ఇలా ఇవ్వు. నేను పట్టుకుంటా."

ఆమె కోటు ఇచ్చి నేరుగా నడిచింది. జనం దారిచ్చారు. గ్రాబ్నర్ ఆమెను చూసి చేతులు చాచబోయాడు.

"ఇదిగో మన బంగారం," అన్నాడు.

"అబద్ధం మీది," అంది లియోటా. గొంతు పెంచలేదు. "కార్డు నాది. పడింది నేను." పత్రికలవాళ్ల వైపు తిరిగింది. "ఈ మూడూ విడివిడిగా రాసుకోండి. కలిపేయొద్దు. ఈ చెయ్యి విరిగింది నిచ్చెన కింద. మా ఇంట్లో అసలు స్నానాల తొట్టి లేదు, బకెట్టే."

ఒకడు నవ్వాడు. గ్రాబ్నర్ గొంతు తగ్గించి, ఇప్పుడా అమ్మాయ్ ఈ మాటలు అని గొణిగాడు. ఇప్పుడేనని ఆమె జవాబు. మరి ప్రూయిట్ సంగతేమిటని ఇంకొకడు అడిగాడు. ప్రూయిట్ ఆ రోజు ఫ్రెస్నోలో ద్రాక్షలు కోస్తున్నాడనీ, మంచివాడనీ, ఏడాది పని ఇస్తామని గ్రాబ్నర్ గారు మాటిచ్చారు కాబట్టి మెడ విరగని పని ఏదైనా ఇస్తారనీ చెప్పింది. అందరూ గ్రాబ్నర్ వైపు చూశారు. ఆయన మెల్లగా తలూపాడు. ఊపక ఏం చేస్తాడు, పెన్సిళ్లన్నీ ఆయన వైపే ఉన్నాయి.

మర్నాడు ఆన్సెల్ మూడు పేపర్లు తెచ్చాడు. రెంటిలో కార్డు గ్రాబ్నర్ గారి అపూర్వమైన ఆలోచన. ఒక్కదాంట్లో మాత్రం ఆమె చెప్పింది చెప్పినట్టు, మూడు ముక్కలూ విడివిడిగా వచ్చింది. ఆమె వయసు మాత్రం రెండేళ్లు పెంచారు. లియోటా వాళ్లను కూడా కాసేపు తిట్టుకుని, రెండో రొట్టె తింది.

పది గంటలకు స్టూడియో కారు వచ్చి ఒక కవరు ఇచ్చి వెళ్లింది. కొత్త ఒప్పందం. క్షమాపణ చీటీ ఏమైనా ఉందేమోనని కవరు దులిపి చూసింది. లేదు. నాలుగో షరతు మీద మాత్రం అడ్డంగా ఎర్ర గీత, పక్కన గ్రాబ్నర్ పొడి అక్షరాలు. ఇక మీదట ఆమె పడేవన్నీ ఆమే పడుతుంది. ఆన్సెల్ పిడికిలి బిగించి బల్ల మీద మెల్లగా ఒక గుద్దు గుద్దాడు. కాఫీ కప్పులు గలగలలాడాయి.

లియోటా మాత్రం చదవడం ఆపలేదు. ఆఖరి పేజీ చివర, అంతకుముందు లేని వాక్యం ఒకటి కొత్తగా టైపు చేసి ఉంది. నిన్న ప్రదర్శించిన టైటిల్ కార్డు, అందులోని మాటలు, వాటి వెనకున్న ఆలోచన ఇకపై స్టూడియో సొత్తు.

"సొత్తు," అంది లియోటా.

కలం ఇమ్మని చెయ్యి చాపింది. ఆన్సెల్ మూత తీసి ఇచ్చాడు. ఆ వాక్యం మీద గీత గీసింది. చాల్లేదు, మళ్లీ గీసింది. మూడోసారి గీసేసరికి కాగితం కాస్త చిరిగింది, కింద ఏముందో ఎవరూ చదవడానికి వీల్లేకుండా పోయింది. అప్పుడు ఆ గీతల కింద సంతకం పెట్టింది.